కొవ్వాడ: వద్దన్న తీరం, వాయిదా పడ్డ జవాబు

దక్షిణాదిన అణువిద్యుత్తు, ప్రజలు, ప్రభుత్వాలు: ఆరో భాగం

అణువిద్యుత్ కేంద్రం తమ ప్రాంతానికి వద్దని, వీలైతే దేశానికే వద్దని ప్రజలు ప్రభుత్వాలకు పెట్టుకున్న విన్నపాలను కాలక్రమంలో పేర్చి చూస్తే, వాటన్నిటి వెనకా ఉన్న భయం ఒక్కటే అయినా ఆ భయం వేసిన ప్రశ్న మాత్రం మారుతూ వచ్చిందని తెలుస్తుంది. 1980లలో ఆ ప్రశ్న 'ప్రమాదం జరిగితే ఏమవుతుంది?' అన్న రూపంలో ఉండేది. 1990లలో దేశంలోని కేంద్రాల్లోనే లోపాలు బయటపడ్డాక 'ప్రమాదం జరగదని చెప్పేవారి మాటను తనిఖీ చేసేదెవరు?' అన్న రెండో ప్రశ్న దానికి తోడైంది. 2010లో అణుప్రమాద నష్టపరిహార చట్టం వచ్చినప్పుడు 'జరిగితే జవాబుదారీ ఎవరు?' అన్న మూడో ప్రశ్న ముందుకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ ఈ మూడు ప్రశ్నలూ ఒకే చోట కలిసిన తీరం. అక్కడ తలపెట్టిన కేంద్రం ఏళ్ల తరబడి ముందుకు సాగకపోవడానికి మొదటి రెండు ప్రశ్నల కన్నా మూడోదే ఎక్కువ కారణమైంది. ఆ కథే ఈ భాగంలో విషయం.

నాగార్జునసాగర్ నాటి పాఠం

తెలుగునాట అణువిద్యుత్తుపై అభ్యంతరం కొవ్వాడతో మొదలుకాలేదు. 2000 సంవత్సరం నాటికి 10,000 మెగావాట్ల అణువిద్యుత్తును సాధించాలని కేంద్ర అణుశక్తి శాఖ 1980లలో లక్ష్యం పెట్టుకున్నప్పుడు, రియాక్టర్లకు అనువైన స్థలాల కోసం సాగిన వెతుకులాటలో నల్గొండ జిల్లా వైపు నాగార్జునసాగర్ పరిసరాల పేరు వినిపించింది. రియాక్టరును ఎడతెగకుండా చల్లబరచడానికి అపారమైన నీరు కావాలి కాబట్టి, సముద్రతీరం లేని చోట పెద్ద జలాశయం పక్కనే దాన్ని కట్టడం ఇంజనీర్ల దృష్టిలో సహజమైన ఎంపిక. అయితే అదే జలాశయం కుడి ఎడమ కాలువల ద్వారా లక్షల ఎకరాలకు నీరిస్తుండటం వల్ల, ఇంజనీరుకు అనుకూలంగా కనిపించిన అంశమే రైతుకు ప్రమాదంగా కనిపించింది. 1986 ఏప్రిల్ 26న సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ రియాక్టరు పేలిన తరువాత ఆ అనుమానం పత్రికల్లోకి, సభల్లోకి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆచార్య కె. పురుషోత్తమరెడ్డి వంటి పర్యావరణవాదులు ప్రతిపాదనను బహిరంగంగా ప్రతిఘటించారు. ఆ నిరసనకు అణుశక్తి శాఖను పట్టి పీడించిన నిధుల కొరత తోడైంది. సాగర్ ఒడ్డున రియాక్టరు లేవలేదు.

పొరుగున కర్ణాటకలో మాత్రం ఫలితం వేరుగా వచ్చింది. కాళీ నది ఒడ్డున కైగాలో కేంద్రాన్ని కట్టవద్దంటూ జ్ఞానపీఠ పురస్కార గ్రహీత శివరామ కారంత 1989లో లోక్‌సభ ఎన్నికల్లో నిలబడే దాకా వెళ్లినా నిర్మాణం ఆగలేదు. నిర్మాణంలో ఉండగానే 1994 మే 13న ఒక రియాక్టరు గోపురం లోపలి పొర ఊడి కూలిపోయింది. అణుధార్మిక పదార్థం బయటికి రాకుండా ఆపే చివరి గోడ ఆ గోపురమే. రియాక్టరు ఇంకా పనిచేయడం మొదలుపెట్టలేదు కాబట్టి ధార్మికత వెలువడే ప్రసక్తి లేకపోయినా, విమర్శకుల చేతికి అది గట్టి ఆధారమైంది. అంతకు ముందు ఏడాది, 1993 మార్చి 31న, ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైను రెక్కలు విరిగి మంటలు చెలరేగి, కేంద్రమంతటా విద్యుత్ సరఫరా గంటల తరబడి నిలిచిపోయింది. అణుశక్తి నియంత్రణ మండలికి (ఏఈఆర్‌బీ) ఎ. గోపాలకృష్ణన్ 1993 నుంచి 1996 వరకు అధ్యక్షుడిగా ఉన్నారు. దేశంలోని అణు కేంద్రాలలో సరిచేయవలసిన భద్రతా లోపాలు దాదాపు 130 ఉన్నాయని ఆయన హయాంలో మండలి జాబితా తయారుచేసింది. అణుకేంద్రాలపై అనుమానం అమాయకుల భయమేనన్న వాదన అప్పటితో పలచబడింది, ఎందుకంటే ఆ జాబితా తయారుచేసింది ఉద్యమకారులు కారు, భద్రతను తనిఖీ చేయవలసిన ప్రభుత్వ మండలే.

ఒప్పందం కుదిరాక స్థలం వెతికారు

కొవ్వాడ పేరు దేశానికి తెలియడానికి మూలం ఢిల్లీలో, వాషింగ్టన్‌లో ఉంది. 1974 అణుపరీక్ష తరువాత భారత్‌కు అణు ఇంధనం, పరికరాలు అమ్మకుండా ఎగుమతి దేశాలు విధించుకున్న కట్టుబాటును అణు సరఫరాదారుల బృందం 2008 సెప్టెంబరు 6న సడలించింది. భారత అమెరికాల పౌర అణు ఒప్పందంపై అదే ఏడాది అక్టోబరు 10న సంతకాలయ్యాయి. ఈ మధ్యలో, కనీసం 10,000 మెగావాట్ల సామర్థ్యం మేరకు అమెరికన్ రియాక్టర్లను తీసుకోవాలన్న ఉద్దేశాన్ని భారత విదేశాంగ కార్యదర్శి అమెరికా ప్రభుత్వానికి లేఖ ద్వారా తెలియజేశారు. అంటే, ఎంత కొనాలన్నది ముందు తేలింది, ఎక్కడ పెట్టాలన్నది తరువాత తేలవలసి వచ్చింది.

2009 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత స్థలాలకు సూత్రప్రాయ ఆమోదం ఇచ్చింది. సూత్రప్రాయ ఆమోదం అంటే స్థలం ఎంపికకు ప్రభుత్వం అంగీకరించడం మాత్రమే. పర్యావరణ అనుమతి, భద్రతా మండలి అనుమతి, భూసేకరణ ఆ తరువాతి మెట్లు. మహారాష్ట్రలోని జైతాపూర్ ఫ్రాన్సుకు, పశ్చిమ బెంగాల్‌లోని హరిపూర్ రష్యాకు, గుజరాత్‌లోని మీఠీ విర్దీ, ఆంధ్రప్రదేశ్‌లోని కొవ్వాడ అమెరికాకు అన్నట్టుగా పంపకం జరిగింది. కొవ్వాడలో జీఈ హిటాచీ సంస్థ రూపొందించిన 1,594 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది తొలి ఆలోచన. అటువంటి రియాక్టరు ప్రపంచంలో అప్పటికి ఎక్కడా నిర్మాణమే కాలేదన్న సంగతి వ్యతిరేకుల వాదనల్లో మొదటి వరుసలో నిలిచింది.

తీరం, దాని బతుకుతెరువు

కొవ్వాడ అనగానే ఒక్క ఊరు గుర్తుకొచ్చినా, కేంద్రానికి గుర్తించిన దాదాపు 2,000 ఎకరాల పరిధి రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి, జీరుకొవ్వాడ గ్రామాల మీదుగా పరుచుకుని ఉంది. తీరం పొడవునా చేపల వేటే జీవనాధారం, కాస్త లోపలికి వస్తే మెట్ట పంటలు, జీడి, సరుగుడు తోటలు. ఇక్కడి మత్స్యకారులలో చాలామంది ఏడాదిలో కొన్ని నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళ్లి, తండేలు అని పిలిచే పడవ నాయకుడి కింద మరపడవల్లో పనిచేస్తారు. 2018 చివరలో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ జలాల్లోకి ప్రవేశించారన్న ఆరోపణపై పట్టుబడి, కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపి, 2020 జనవరిలో విడుదలయ్యారు. సొంత తీరంలో వేట గిట్టుబాటు కాని పరిస్థితి అప్పటికే ఉందని చెప్పడానికి ఈ వలస చాలు. ఉన్న కాస్త వేట కూడా రియాక్టరు నీటితో పోతుందేమోనన్నది ఊళ్లలో వినిపించిన మొదటి అభ్యంతరం.

ఆ అభ్యంతరానికి సాంకేతికమైన ఆధారం ఉంది. అణు కేంద్రం ఉత్పత్తి చేసే వేడిలో దాదాపు మూడో వంతు మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగిలినదాన్ని సముద్రం నుంచి తోడిన నీటితో చల్లార్చి, ఆ వేడెక్కిన నీటిని తిరిగి సముద్రంలోకి వదులుతారు. తోడిన నీటికీ వదిలిన నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా 7 డిగ్రీల సెల్సియస్ మించరాదని పర్యావరణ నిబంధన చెబుతుంది. ఆ తేడా తక్కువే అని ప్రభుత్వ పక్షం అంటుంది. గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డుకు దగ్గరగా వచ్చే చేపకు ఆ మాత్రం తేడా చాలునని వల వేసేవాళ్లు అంటారు. దీనికి మినహాయింపు మండలం అన్నది తోడవుతుంది. రియాక్టరు చుట్టూ జనావాసం లేకుండా ఉంచే ఆ వలయం మన నిబంధనల్లో చాలాకాలం 1.6 కిలోమీటర్ల వ్యాసార్థంతో ఉండేది. దానికి బయట 5 కిలోమీటర్ల వరకు జనాభా పెరుగుదలపై అదుపు, 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక ఉండాలి. లెక్కలో ఇవి వృత్తాలు. మత్స్యకారుడికి మాత్రం అవి పడవ దించే ఇసుక, వల ఆరేసే చోటు, చేప అమ్మే దారి.

జిల్లా చరిత్ర కూడా ఈ అభ్యంతరానికి పదును పెట్టింది. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా గుమిగూడిన రైతులు, మత్స్యకారులపై 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరపగా ఇద్దరు మరణించారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం విషయమై అదే జరిగి ప్రాణాలు పోయాయి. రెండూ బొగ్గు కేంద్రాలే. అయినా 'విద్యుత్ కేంద్రం' అన్న మాట శ్రీకాకుళం తీరంలో తుపాకీ చప్పుడును గుర్తుచేసే మాట అయింది. కాకరాపల్లి కాల్పులు జరిగి పట్టుమని పన్నెండు రోజులు తిరక్కుండానే ఫుకుషిమా వార్త వచ్చింది.

ఫుకుషిమా, కూడంకుళం, లోతట్టు జిల్లాలు

2011 మార్చి 11న జపాన్ తూర్పు తీరంలో సంభవించిన 9.0 తీవ్రత గల భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ ఫుకుషిమా దాయిచి కేంద్రాన్ని తాకినప్పుడు జరిగింది అర్థం కావాలంటే శేష ఉష్ణం అన్న భావన తెలియాలి. యురేనియం పరమాణువులు చీలడాన్ని ఆపేసినంత మాత్రాన రియాక్టరు చల్లబడదు, ఎందుకంటే అప్పటికే చీలగా ఏర్పడిన ధార్మిక పదార్థాలు క్షీణిస్తూ వేడిని విడుదల చేస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో అది పూర్తి సామర్థ్యంలో సుమారు 6 నుంచి 7 శాతం వరకు ఉండి, రోజులు గడిచే కొద్దీ తగ్గుతుంది. ఫుకుషిమాలో రియాక్టర్లు భూకంపం రాగానే సవ్యంగానే ఆగాయి. అయితే శేష ఉష్ణాన్ని తీసేసే పంపులకు కరెంటు ఇచ్చే డీజిల్ జనరేటర్లు సునామీ నీటిలో మునగడంతో మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. రియాక్టరు 'ఆగడం' వేరు, 'క్షేమంగా ఉండటం' వేరు అన్న సంగతి సామాన్య పాఠకుడికి అప్పుడు తెలిసింది.

తూర్పు తీరానికి ఆ అనుభవం కొంత ముందే ఎదురైంది. 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం కేంద్రం పంపు హౌసులోకి నీరు చొచ్చుకువచ్చినప్పుడు పనిచేస్తున్న రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు. దీన్ని అణుశక్తి శాఖ తన సన్నద్ధతకు రుజువుగా చూపింది. అదే సునామీలో కల్పాక్కం సిబ్బంది కాలనీలో ప్రాణనష్టం జరిగిన సంగతిని విమర్శకులు గుర్తుచేశారు.

ఫుకుషిమా తరువాత దేశంలో అతి పెద్ద ప్రతిఘటన తమిళనాడులోని కూడంకుళంలో వచ్చింది. 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్‌ల మధ్య కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన ఆ కేంద్రం పరీక్షలకు సిద్ధమైన సమయంలోనే, 2011 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇడింతకరై గ్రామం నిరాహార దీక్షలతో ఉద్యమ కేంద్రమైంది. ఆ వివరాలు గత భాగంలో వచ్చాయి కాబట్టి ఇక్కడ ఒక్క అంశమే గుర్తుచేయవలసి ఉంది. 2011 సెప్టెంబరు 22న, ప్రజల భయాలు తీరేవరకు పనులు ఆపాలని తమిళనాడు మంత్రివర్గం కేంద్రాన్ని కోరుతూ తీర్మానించింది. 2012 మార్చి 19న, శంకరన్‌కోవిల్ ఉపఎన్నిక పోలింగ్ జరిగిన మర్నాడు, అదే మంత్రివర్గం అణుకేంద్రానికి పచ్చజెండా ఊపి 500 కోట్ల రూపాయల అభివృద్ధి ప్యాకేజీని ప్రకటించింది.

ఆరు నెలల్లో ఆ మలుపు రావడానికి బలమైన కారణం కరెంటు కోతలు. చెన్నై వెలుపలి జిల్లాల్లో రోజుకు గంటల కొద్దీ సరఫరా ఆగిన రోజులవి. ధర్మపురి జిల్లానే తీసుకుంటే, వానాధారపు నేల, లోతైన బావులు, మోటార్ల మీద నడిచే సేద్యం. తమిళంతోబాటు తెలుగు, కన్నడాలు వినిపించే ఆ ప్రాంతంలో, తూర్పు కనుమల కొసన ఉన్న వత్తల్‌మలై మీద మలయాళీ అనే పేరుగల గిరిజన తెగ చిరుధాన్యాలు, కాఫీ పండిస్తూ బతుకుతోంది. (ఈ తెగ మాతృభాష తమిళమే; 'మల' అంటే కొండ, కొండవాసులు కనుక వారికి ఆ పేరు.) వత్తల్‌మలైలో రియాక్టరు కడతామని ఎవరూ అనలేదు, కాబట్టి అక్కడి వారికి దాని గురించి వినతిపత్రం రాయవలసిన పని పడలేదు. కూడంకుళం నుంచి వచ్చినా, మేట్టూరు జలవిద్యుత్తు నుంచి వచ్చినా తీగ మీది కరెంటుకు పుట్టిన ఊరు రాసి ఉండదు. ప్రమాదం తీరానిది, వెలుగు అందరిదీ అయినప్పుడు తీరవాసుల 'వద్దు' అన్న మాట లోతట్టు పల్లెకు తన దీపం ఆర్పే మాటలా వినిపించింది. అణువ్యతిరేక ఉద్యమాలు సంఖ్యాబలంలో ఓడిపోయింది ఈ భౌగోళిక స్థితి వల్లనే. 2013 మే 6న సుప్రీంకోర్టు కూడంకుళానికి అనుమతినిస్తూ 15 ఆదేశాలు జారీచేసినప్పుడు కూడా, విస్తృత ప్రజాప్రయోజనాన్ని ఒక ప్రాంతపు ఆందోళనతో తూచే పద్ధతిలోనే తీర్పు నడిచింది.

విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి వెళ్లిన విన్నపాలు

కొవ్వాడ విషయంలో తీరవాసుల గొంతుకు తెలుగునాట మరో వర్గం తోడైంది. వీరు ప్రభుత్వ వ్యవస్థ లోపలి నుంచి వచ్చినవారు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ, కొవ్వాడ ప్రతిపాదనను విరమించుకోవాలని కేంద్రానికి పలుమార్లు లేఖలు రాశారు. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వ్యవస్థాపకుడు, జీవశాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ అణువిద్యుత్ విధానాన్ని బహిరంగంగా ప్రశ్నించారు. ఏఈఆర్‌బీ మాజీ అధ్యక్షుడు గోపాలకృష్ణన్‌తోబాటు వీరు కూడా భాగస్వాములుగా 2011లో సుప్రీంకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం, దేశంలోని అణుకేంద్రాలన్నిటి భద్రతను స్వతంత్ర నిపుణులతో మళ్లీ అంచనా వేయించాలని, అంతవరకు కొత్త నిర్మాణాలు ఆపాలని కోరింది.

ఈ విన్నపాల ప్రత్యేకత అవి ఎంచుకున్న ఆయుధంలో ఉంది. ధార్మికత గురించి భయపెట్టే బొమ్మలు చూపడం కన్నా, ప్రభుత్వ పత్రాలలోనే ఉన్న వైరుధ్యాలను అవి ఎత్తిచూపాయి. వాటిలో ముఖ్యమైనది ఏఈఆర్‌బీ స్వతంత్రతకు సంబంధించినది. 1983లో ఏర్పడిన ఆ మండలి పార్లమెంటు చట్టంతో పుట్టినది కాదు. అణుశక్తి కమిషన్‌కు లోబడి పనిచేసేది, ఆ కమిషన్‌కు అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శి. ఇల్లు కట్టేవాడూ, ఇంటిని తనిఖీ చేసేవాడికి జీతమిచ్చేవాడూ ఒక్కరే అయినట్టన్నమాట. 2012 ఆగస్టులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక కూడా ఈ లోపాన్నే తప్పుపట్టింది. దీన్ని సరిదిద్దడానికి 2011 సెప్టెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన అణుభద్రతా నియంత్రణ ప్రాధికార బిల్లు ఆమోదం పొందకుండానే 2014లో సభ రద్దు కావడంతో మురిగిపోయింది.

ప్రభుత్వ పక్షపు జవాబులను కూడా న్యాయంగా నమోదు చేయాలి. బొగ్గు మండించకుండా రాత్రింబవళ్లు నిలకడగా కరెంటు ఇవ్వగల వనరులు తక్కువని, దేశంలో అణువిద్యుత్ కేంద్రాల చరిత్రలో బయటి ప్రజల ప్రాణాలు తీసిన ధార్మిక ప్రమాదం జరగలేదని, ఫుకుషిమా తరువాత భారత అణువిద్యుత్ సంస్థ (ఎన్‌పీసీఐఎల్) తన కేంద్రాలన్నిటినీ పునఃపరిశీలించి మార్పులు చేసిందని ఆ పక్షం చెప్పింది. బొగ్గు పొగ వల్ల కలిగే అనారోగ్యంతో పోల్చితే అణువిద్యుత్తు హాని తక్కువన్నది శాస్త్రలోకంలో చాలామంది అంగీకరించే మాట. అయితే ప్రజలడిగిన రెండో ప్రశ్నకు ఈ జవాబుల్లో ఏదీ సరిపోదు. గతం సురక్షితమని చెప్పడం తనిఖీకి ప్రత్యామ్నాయం కాలేదు.

భోపాల్ నీడలో పుట్టిన చట్టం

మూడో ప్రశ్న కథ భోపాల్‌తో మొదలవుతుంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి వెలువడిన విషవాయువు వేల ప్రాణాలను బలిగొన్న తరువాత, 1989లో 47 కోట్ల డాలర్లకు పరిహారం ఒప్పందం కుదిరింది. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు కంపెనీ భారతీయ అధికారులకు రెండేళ్ల జైలుశిక్ష విధించినప్పుడు, పాతికేళ్ల తరువాత వచ్చిన ఆ స్వల్ప శిక్షపై దేశమంతటా ఆగ్రహం వ్యక్తమైంది. సరిగ్గా అదే వేసవిలో అణునష్టానికి పౌర బాధ్యత బిల్లు పార్లమెంటు ముందు ఉంది.

ప్రపంచంలో చాలా దేశాలు అనుసరించే సూత్రం ప్రకారం, అణుప్రమాదం జరిగితే పరిహారం చెల్లించే బాధ్యత కేంద్రాన్ని నడిపే సంస్థదే. రియాక్టరును తయారుచేసి అమ్మిన కంపెనీది కాదు. బాధితుడు ఎవరిని అడగాలో వెతుక్కునే పని లేకుండా ఒకే చోట బాధ్యత పెట్టడం ఆ సూత్రంలోని మంచి. తయారీదారు తప్పుకోవడం అందులోని చెడు. భోపాల్ జ్ఞాపకంతో ప్రతిపక్షాలు పట్టుబట్టగా, 2010 ఆగస్టులో ఉభయసభలూ ఆమోదించిన చట్టంలోని 17వ సెక్షన్‌లో 'బి' అనే ఉపనిబంధన చేరింది. నాసిరకం పరికరం, బయటికి కనిపించే లోపం లేదా దాగివున్న లోపం, తక్కువస్థాయి సేవ వల్ల ప్రమాదం జరిగిందని తేలితే, బాధితులకు చెల్లించిన సొమ్మును సరఫరాదారు నుంచి తిరిగి వసూలు చేసుకునే హక్కు కేంద్రం నడిపే సంస్థకు అది ఇచ్చింది. పెద్ద రియాక్టర్ల విషయంలో నడిపే సంస్థ బాధ్యతకు 1,500 కోట్ల రూపాయల పరిమితిని కూడా ఆ చట్టమే పెట్టింది కాబట్టి, బాధితుడి దృష్టిలో అది గొప్ప రక్షణ ఏమీ కాదు. అయినా ఆ ఒక్క ఉపనిబంధన అమెరికన్ కంపెనీలను గడప దగ్గరే నిలబెట్టింది.

2015 జూన్‌లో ప్రభుత్వం 1,500 కోట్ల రూపాయల బీమా నిధిని ఏర్పాటుచేసి సరఫరాదారుల భయాన్ని తగ్గించజూసింది. అది సరిపోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో, ప్రపంచమంతటా నడిచే బాధ్యత పద్ధతికి భిన్నమైన చట్టం ఉన్నంతకాలం భారత్‌లో అణు పెట్టుబడి పెట్టే ఉద్దేశం లేదని జీఈ అధినేత జెఫ్ ఇమ్మెల్ట్ స్పష్టం చేశారు. తన యంత్రం సురక్షితమని చెప్పే తయారీదారు, దానికి పూచీ పడటానికి మాత్రం ముందుకు రాలేదు. కొవ్వాడ వ్యతిరేకులు ఇన్నేళ్లుగా చెప్పలేకపోయినంత గట్టిగా ఆ వెనకడుగు వారి పక్షాన మాట్లాడింది.

కంపెనీ మారింది, కాగితం మిగిలింది

జీఈ స్థానంలో వెస్టింగ్‌హౌస్ వచ్చింది. మీఠీ విర్దీలో రైతుల ప్రతిఘటన వల్ల భూసేకరణ ముందుకు సాగకపోవడంతో, ఆ సంస్థకు కేటాయించిన ఆరు రియాక్టర్లను కొవ్వాడకు మార్చినట్టు 2016 జూన్‌లో తేలింది. గుజరాత్ రైతు వద్దన్నది శ్రీకాకుళం మత్స్యకారుడి వాటాకు వచ్చిందని అప్పట్లో వచ్చిన విమర్శలో అతిశయోక్తి పెద్దగా లేదు. కొత్త రియాక్టరు పేరు ఏపీ1000. కొవ్వాడకు అనుకున్న రూపంలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం 7,248. కరెంటు పూర్తిగా పోయినా, కవచం పైన ఉన్న తొట్టెలోని నీరు గురుత్వాకర్షణతోనే కిందికి జారి 72 గంటలపాటు శేష ఉష్ణాన్ని తీసేసేలా దాన్ని రూపొందించారు. ఫుకుషిమాలో బయటపడిన లోపానికి ఇందులో ఇంజనీరింగ్ జవాబు ఉందని ఒప్పుకోవాలి.

భద్రత విషయంలో జవాబు దొరికినా డబ్బు దగ్గర కథ అడ్డం తిరిగింది. 2017 జూన్ నాటికి ఒప్పందం కుదరాలనుకుంటే, అదే ఏడాది మార్చి 29న వెస్టింగ్‌హౌస్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. దక్షిణ కరోలినాలో ఆ సంస్థ రియాక్టర్ల నిర్మాణాన్ని జులైలో మధ్యలోనే వదిలేశారు. జార్జియాలోని వోగ్ట్‌ల్ కేంద్రంలో అవే రియాక్టర్లు రెండు పూర్తయ్యేసరికి 2024 వచ్చింది, ఖర్చు తొలి అంచనాకు రెట్టింపు దాటి 3,000 కోట్ల డాలర్లను మించింది. 2019 మార్చిలో భారత అమెరికాలు ఆరు కేంద్రాల నిర్మాణానికి కట్టుబడి ఉన్నామని మళ్లీ ప్రకటించినా, కొవ్వాడలో రియాక్టరు కోసం కాంక్రీటు పడలేదు.

ఈ నిరీక్షణ ఊళ్ల మీద వేసిన భారం చరిత్రలో సాధారణంగా నమోదు కానిది. భూసేకరణ ప్రకటన వెలువడిన చోట అమ్మకాలు సాగవు, కొత్త ఇల్లు కట్టడానికి ధైర్యం చాలదు, ఊరి పనులకు నిధులు వెనకాడతాయి. అందువల్ల 'కేంద్రం వద్దు' అన్న మొదటి నినాదం క్రమంగా 'పునరావాసం ఏదో తేల్చండి' అన్న మాటగా మారింది. దీన్ని ప్రభుత్వ పక్షం అంగీకారంగా లెక్కవేసింది. ఏళ్ల తరబడి త్రిశంకు స్వర్గంలో వేలాడిన మనిషి ఏదో ఒక నేల అడగడాన్ని అంగీకారం అనవచ్చునా అన్నది ఆ లెక్కలో చేరలేదు.

వద్దన్న మాట వినబడిన చోట్లు

ప్రభుత్వాలు ఎప్పుడూ వినలేదనడం కూడా సరికాదు. ఆస్ట్రియాలో కట్టి సిద్ధంగా ఉంచిన జ్వెంటెన్‌డార్ఫ్ కేంద్రాన్ని, 1978 నవంబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 50.47 శాతం మంది వద్దనడంతో ఒక్కరోజు కూడా నడపలేదు. జర్మనీ తన చివరి మూడు రియాక్టర్లను 2023 ఏప్రిల్ 15న ఆపేసింది. హరిపూర్‌ను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2011లో వద్దంది. తెలుగునాట, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ తలపెట్టినప్పుడు చెంచుల నుంచి సినీతారల దాకా వచ్చిన నిరసన ఫలితంగా, 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఆ ప్రయత్నం విరమించాలని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేయనున్నారని తెలిసి చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని ఆపుతున్నట్టు ప్రకటించింది.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక పోలిక ఉంది. ఓటు ద్వారానో, రాష్ట్ర ప్రభుత్వం ద్వారానో నిర్ణయాన్ని తిప్పగల సాధనం ప్రజల చేతికి అందిన చోట వద్దన్న మాట చెల్లింది. కొవ్వాడకు అటువంటి సాధనం దక్కలేదు. వరసగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వాలు పార్టీ భేదం లేకుండా అణుకేంద్రాన్ని కోరుకున్నాయి. ఆ తీరాన్ని ఇన్నేళ్లు కాచింది తమ లేఖలు కావని, ఒక చట్టంలోని ఉపనిబంధన, ఒక కంపెనీ ఖాతాపుస్తకం అని విన్నపాలు రాసినవారికి తెలియకపోలేదు.

ఆ ఉపనిబంధన కూడా ఇప్పుడు లేదు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్ లక్ష్యాన్ని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన కేంద్రం, అదే ఏడాది డిసెంబరులో 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ 2010 నాటి బాధ్యత చట్టాన్నీ రద్దుచేస్తూ 'శాంతి' అనే పొట్టిపేరుతో కొత్త చట్టాన్ని పార్లమెంటులో ఆమోదింపజేసింది. ప్రైవేటు సంస్థలు కూడా అణు కేంద్రాలు నడపడానికి అది దారి తెరిచింది. లోపభూయిష్టమైన పరికరానికి సరఫరాదారుణ్ణి జవాబుదారీ చేసిన పాత నిబంధనను అది కొనసాగించలేదు. ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చి రెండో ప్రశ్నకు కొంత జవాబు చెప్పిన చట్టమే మూడో ప్రశ్నను చట్టపుస్తకం నుంచి తీసేసింది. కొవ్వాడ ఇసుక మీద ఆ ప్రశ్న ఇంకా ఉంది. ఇకపై దాన్ని అడగవలసి వస్తే కంపెనీల భయం తోడు ఉండదు. అడిగేది తీరవాసులు ఒక్కరే అవుతారు.

రియాక్టరులో మండే ఇంధనం తెలుగు నేలలోనే దొరికే కడప జిల్లా తుమ్మలపల్లె గని కథ, దాని వ్యర్థాల చెరువు దిగువన ఉన్న పల్లెలు వేసిన ప్రశ్నలు వచ్చే భాగంలో.

(సశేషం)